దీపం నిలవని మెట్లు

ఆ మెట్ల మీద దీపం నిలవదు.

ఆ ఊళ్ళో ఎవరినడిగినా ముందు చెప్పే మాట ఇదే. కోటగోడ చివర, పాత ద్రాక్షగానుగ వెనక ఒక చెక్కతలుపు. ఆ తలుపు తీస్తే నేలమాళిగలోకి ఇరవై రెండు రాతిమెట్లు. ఎన్ని తరాల కాళ్ళు పడ్డాయో, ఒక్కొక్క మెట్టూ మధ్యలో అరిగి గుంట పడింది. ఏడాదిలో పది నెలలు వాటి మీద ఎవరు ఎక్కినా దిగినా ఏమీ కాదట. కొత్త ద్రాక్ష కోసి, పిండి, రసం పీపాలకెత్తే ఆ రెండు నెలలే...

చీకటి పడ్డాక కొవ్వొత్తి పట్టుకుని దిగితే ఏడో మెట్టు దగ్గర ఆరిపోతుంది. గాలి ఉండదు. చప్పుడు ఉండదు. ఎవరో పెదాలు దగ్గరికి తెచ్చి ఊదినట్టు — అంతే. మళ్ళీ వెలిగిస్తే మళ్ళీ ఆరిపోతుంది.

ఊదేది ఒక ఆడమనిషట. ఆమె మొగుడు ఒక సాయంత్రం పీపాలు చూసొస్తానని దిగి ఎంతకీ పైకి రాలేదట. వెతుక్కుంటూ దిగిన ఆమె కూడా రాలేదు. ఇంకెవరూ తన మొగుణ్ణి ఆ స్థితిలో చూడకూడదని, వచ్చినవాళ్ళ దీపాలన్నీ ఆర్పేస్తుందట.

"అయితే వందేళ్ళ నించీ ఊదుతూనే ఉందన్నమాట. ఓపికగల మనిషే" అన్నాడు గుంపులో ఉన్న ఒక ఎలక్ట్రీషియన్.

చుట్టూ ఉన్న యాత్రికులు నవ్వారు. ఊరు చూపిస్తున్న గైడమ్మ మాత్రం నవ్వలేదు. నిజానికి అతను కూడా నవ్వించడానికి అనలేదు. రెండు రోజులుగా అతని ఒళ్ళు మండిపోతోంది, ఆ మంట మాటల్లో బయటపడుతోంది.

మండదా మరి! రాత్రంతా రైల్లో, పొద్దున్నంతా బస్సులో కూలబడి, భార్యని వెంటేసుకుని వచ్చాడు. తీరా వస్తే గడియారం గోపురం చుట్టూ వెదురు పరంజా. మ్యూజియం తలుపు మీద 'సామాన్లు సర్దుతున్నాం' అని కాగితం. కోట మీదికి ఎక్కుదామంటే వాన. అయినా వాటి కోసం వచ్చాడా ఏమిటి? గోపురం కూలిపోయినా అతనికి పట్టింపు లేదు. అతనికి కావలసింది ఒక్కటే — ఆ నేలమాళిగలో, చివరి వరసలో ఉన్న ఒక పీపా.

అసలు ఉందో లేదో కూడా తెలియని పీపా.

అతని తండ్రి పెళ్ళికి ముందు పదకొండేళ్ళు ఈ ఊళ్ళో పీపాలు కట్టే వడ్రంగి. "చివరి వరసలో అన్నిటికంటే పెద్ద పీపా నా చేత్తో కట్టిందేరా" అనేవాడు. "మూత మీద ద్రాక్షగుత్తి చెక్కాను. గుత్తిని పొడుస్తున్న పిట్టని చెక్కాను. పిట్టకి ఒకటే కాలు. రెండోది చెక్కుతుంటే ఉలి జారింది."

అక్కడితో ఆపితే ఎవరైనా నమ్మేవాళ్ళేమో. ఆయన ఆపడు కదా. మొదట ఆ పీపాలో పదిమంది కూర్చోవచ్చన్నాడు. ఇంకో ఏడాదికి పన్నెండు మంది. మనవలు పుట్టేనాటికి పదిహేనుమందీ, మధ్యలో ఒక బల్లానూ. పిల్లలు ఆయన్ని పీపా తాత అనేవాళ్ళు. చుట్టాలు వస్తే "పీపా ఎంత పెరిగిందండీ?" అని అడిగేవాళ్ళు. ఆయనా వాళ్ళతో కలిసి నవ్వేవాడు. కొడుక్కి మాత్రం సిగ్గుతో తల కొట్టేసినట్టుండేది.

దానికి తోడు కొవ్వొత్తి చాదస్తం ఒకటి.

వాళ్ళ ఇంటి కింద నీళ్ళ మోటారుకి ఒక నేలగది ఉంది. తొమ్మిది మెట్లు. మోటారు వెయ్యడానికి ఎవరు దిగినా సరే, ఈయన ముందే కొవ్వొత్తి వెలిగించుకుని దిగిపోయేవాడు. అందరిలా మొహం దగ్గర పట్టుకోడు. చెయ్యి కిందికి వేలాడేసి మోకాలి దగ్గర పట్టుకునేవాడు, ఎడమ చెయ్యి వీపు వెనక. "కాళ్ళకి హారతిస్తున్నారా మామయ్యా?" అని కోడలు ఆటపట్టించేది. పని అయ్యాక ఎవరైనా సరే ఆయన కంటే ముందు ఎక్కాలి. పైకి వెళ్ళి "వచ్చేశా" అని కేక వెయ్యాలి. ఆ కేక చెవిన పడితేగానీ ఆయన కిందనించి కదలడు.

చిన్నప్పుడు కొడుకు సరదాగా వేసేవాడు ఆ కేక. పెద్దయి ఎలక్ట్రీషియన్ అయ్యాక, అదే గదిలో రెండు ట్యూబ్‌లైట్లు బిగించాక, మానేశాడు. పట్టపగల్లా వెలుగుతున్న గదిలో తండ్రి కొవ్వొత్తి పట్టుకుని నిలబడితే, తన పనితనం మీద ఉమ్మేసినట్టుండేది.

ఒకరోజు మోటారు బాగుచేసి, పైకొచ్చి, కేక వెయ్యకుండా పనికి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి ముసలాయన ఇంకా కిందే ఉన్నాడు. కింది మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. కొవ్వొత్తి అంగుళం మిగిలింది.

"లైట్లు వెలుగుతున్నాయి కదా నాన్నా! నేను వెళ్ళింది కనబడలేదా? మీ కొవ్వొత్తీ, మీ పీపా, మీ కుంటిపిట్టా... అన్నీ కోతలే. ఇంక ఆపండి."

ఆయన ఒకటే మాటన్నాడు. "నువ్వు కేక వెయ్యలేదు."

ఆ తర్వాత పీపా మాట ఆయన నోట మళ్ళీ రాలేదు. మనవలు అడిగినా నవ్వి ఊరుకునేవాడు. ఎనిమిది నెలలకి పోయాడు. ఆ ఎనిమిది నెలల మౌనం కొడుకు గుండెలో ముల్లులా ఉండిపోయింది. పీపా అబద్ధమైతే ఆ ముల్లు కాస్త మెత్తబడుతుంది. నిజమైతే — నిజమైతే ఏం చెయ్యాలో అతనికే తెలియదు. కానీ తెలుసుకోకుండా ఉండలేకపోతున్నాడు.

అందుకే టికెట్లిచ్చే కిటికీ దగ్గర రెండు రోజులుగా గొడవ పడుతున్నాడు.

"ఈ రెండు నెలలూ కిందికి ఎవరినీ పంపమండీ" అంది కిటికీలో అమ్మాయి.

"ఎందుకు?"

"రూలు."

"రూలుకి కారణం ఉండాలి కదమ్మా."

"అది నాకు చెప్పలేదండీ. రెండు నెలలు పోయాక రండి."

రెండో రోజు కిటికీలో ఇంకో అమ్మాయి, అదే జవాబు. పాపం, ఈమె ఒక పీపా బొమ్మ ఉన్న కార్డు కూడా ఇచ్చింది. దాని మీద పిట్టా లేదు, గుత్తీ లేదు. తిరుగు బస్సు తెల్లవారి ఆరింటికి.

సాయంత్రం బసలో భార్య జలుబుతో దుప్పటి కప్పుకుని పడుకుంది. "అయిందా పిట్ట దర్శనం?" అంది ముక్కు చీదుకుంటూ.

అతను చెప్పులు విసిరినట్టు విడిచాడు. ఆమె దుప్పటి తీసి లేచి కూర్చుంది.

"ఏమండీ... మామయ్యగారు చెప్పింది నిజమే అయితే?"

అతను విడిచిన చెప్పులు మళ్ళీ తొడుక్కుని, పనిసంచీ భుజానికి తగిలించుకుని బయటికొచ్చేశాడు. ఎక్కడికెళ్ళినా ఆ సంచీ వెంట ఉండాల్సిందే. అందులో స్క్రూడ్రైవర్లు, టేపు, టార్చీ ఉంటాయి.

వాన వెలిసింది. చీకటి పడింది. రాళ్ళు పరిచిన వీధిలో ఒక్క మనిషి లేడు. గోడలకి, గుమ్మాలకి, ఆఖరికి గాలికి కూడా పులిసిన ద్రాక్ష వాసన. కోటగోడ పట్టుకుని గానుగ వెనక్కి వచ్చాడు...

తలుపు తీసి ఉంది.

రెండు రోజులుగా తాళం వేలాడుతున్న తలుపు, బార్లా తీసి ఉంది.

"ఎవరండీ?" అన్నాడు. ఎవరూ పలకలేదు. లోపల గోడకి ఉన్న స్విచ్ నొక్కాడు. వెలగలేదు. పక్కన గూట్లో నాలుగైదు కొవ్వొత్తి ముక్కలు, పాత అగ్గిపెట్టె కనబడ్డాయి. యాత్రికులని బెదిరించడానికి పెట్టిన సరంజామా అనుకున్నాడు. ఒక ముక్క వెలిగించి దిగడం మొదలుపెట్టాడు.

ఒకటి... రెండు... మూడు...

నాకు ఈ సంగతి చెప్పిన మనిషి ఇక్కడ గొంతు తగ్గించాడు.

ఏడో మెట్టు మీద మంట చిన్నదైంది. నీలంగా సాగింది. ఆరిపోయింది.

గాలి లేదు. చప్పుడు లేదు.

రెండు మెట్లు వెనక్కి ఎక్కి మళ్ళీ వెలిగించాడు. దిగాడు. ఆరిపోయింది. ఏడో మెట్టు మీదే నిలబడి అగ్గిపుల్ల గీశాడు — పుల్ల చివర ఎర్రగా మెరిసి, పొగై పోయింది. ఇంకోటి గీశాడు. అదీ అంతే.

ఇంకొకడైతే వెనక్కి తిరిగి పరిగెత్తేవాడు. ఇతనికి భయం రాలేదు, కోపం వచ్చింది. ఈ ఊళ్ళో అందరూ అడ్డం పడ్డారు, ఇప్పుడు ఈ కొవ్వొత్తి కూడానా అనుకున్నాడు. చెమ్మ పట్టిన కొవ్వొత్తి, చెమ్మ పట్టిన అగ్గిపెట్టె, అంతే కదా. కొవ్వొత్తిని మెట్టు మీద పారేసి సంచీలోంచి టార్చీ తీశాడు. ఇరవై ఏళ్ళుగా ఒక్కనాడూ మొండికెయ్యని టార్చీ అది.

"దీన్ని ఊదు చూద్దాం" అన్నాడు చీకట్లోకి.

టార్చీ ఆరలేదు. తెల్లటి వెలుగు తిన్నగా కిందికి పోయింది.

పద్నాలుగు... పదిహేను... ముక్కులో ఏదో పుల్లగా, ఘాటుగా పొడిచింది. ఇరవై... ఇరవై రెండు. నేల తగిలింది. అటూ ఇటూ పీపాలు, మనిషికంటే ఎత్తు. వాటిల్లోంచి చిన్న చప్పుడు. చెవి పెడితే వందమంది గుసగుసలాడుతున్నట్టుంది. బుస... బుస... బుస...

మొదటి వరస దాటాడు. ఆయాసం వచ్చింది. మెట్లు దిగినందుకే ఇంత రొప్పా అని తన వయసుని తిట్టుకున్నాడు. రెండో వరస. తల బరువెక్కింది, కాళ్ళని తడిబట్టల్లా ఈడుస్తున్నాడు. ఇంకొక్క వరసే. ఆ చివర, చీకట్లో, ఇల్లంత నల్లటి గుండ్రం ఏదో కనబడుతోంది. టార్చీ అటు తిప్పాడు —

మధ్యలో ఒక వెలుగు.

చిన్నది, పచ్చటిది. కొవ్వొత్తి మంట. నేలకి కాస్త పైన నిలబడి ఉంది. దాని వెనక ఎవరో మనిషి. మొహం కనబడలేదు, వెలుగంతా కాళ్ళ దగ్గరే ఉంది.

"అమ్మయ్య" అన్నాడు ఎలక్ట్రీషియన్, రొప్పుతూ. "ఇక్కడ పనిచేస్తారాండీ? రెండు నిమిషాలు. ఆ పీపా ఒక్కసారి చూసి వెళ్ళిపోతాను."

మంట ఒక అడుగు ముందుకొచ్చింది.

అతను కుడివైపు జరిగాడు. మంట కూడా జరిగింది. ఎడమకి తిరిగాడు. మంట అటే వచ్చింది. ఇంకో అడుగు ముందుకొచ్చింది. ఇంకో అడుగు.

అతనికి ఏడుపొచ్చినంత పనైంది. రెండు రోజులు... ఇంత దూరం... తీరా పీపా ఎదురుగా పెట్టుకుని, మళ్ళీ ఒకడు అడ్డం. "మా నాన్న కట్టిన పీపా అండీ అది" అన్నాడు. మంట కదల్లేదు.

"సరే. మీ పైవాడెవరో పిలవండి. పైకి రండి, అక్కడే తేల్చుకుందాం."

గిరుక్కున తిరిగాడు. ఆ కోపంతోనే రెండు వరసలూ దాటాడు, ఆ కోపంతోనే మెట్లెక్కాడు. నాలుగు మెట్లకోసారి వెనక్కి తిరిగి తిట్టాడు. మంట అతని వెనకే కింది మెట్టు దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. పదో మెట్టు దగ్గర టార్చీ చేతిలోంచి జారింది. దొర్లుకుంటూ పోయి కింద ఎక్కడో పగిలింది. మిగిలిన మెట్లు చేతులతో పాకి ఎక్కాడు. గుమ్మం అవతల తడి రాళ్ళ మీద బోర్లా పడ్డాడు.

కళ్ళు తెరిచేసరికి ఎవరో ఒక ముసలాయన అతని మొహం మీద నీళ్ళు కొడుతున్నాడు. నేలమాళిగ మేస్త్రీ.

"బుద్ధుందా అండీ మీకు? ఎంతదాకా దిగారు?"

"చివరి వరస..."

మేస్త్రీ చేతిలో చెంబు ఆగిపోయింది. "చివరి వరసకి వెళ్ళి నడిచొచ్చారా?"

చెంబు కింద పెట్టి చెప్పాడు. రసం పులిసేటప్పుడు పీపాల్లోంచి ఒక గాలి వస్తుంది. మామూలు గాలికంటే బరువు. నీళ్ళలా అడుగునించి నిండుతుంది. అందులో మంట బతకదు, మనిషీ బతకడు. ఆ గాలిని తోడెయ్యడానికి పెద్ద ఫ్యాన్ ఉంది. అది సాయంత్రం కాలిపోతూ లైట్లని కూడా తీసుకుపోయింది. ఆ గాలి కాస్తయినా బయటికి పోతుందని తలుపు తీసిపెట్టి, ఎలక్ట్రీషియన్ కోసం పరిగెత్తాడు. ఊళ్ళో ఉన్న ఒక్కడూ ఎక్కడికో పోయాడు.

"మరి ఊదే ఆడమనిషి?"

"పిల్లలు గాలికి భయపడరు బాబూ. దెయ్యానికి భయపడతారు. ఎవరో పెద్దవాళ్ళు కల్పించి ఉంటారు."

ఎలక్ట్రీషియన్ గోడకి ఆనుకుని చాలాసేపు నవ్వాడు. దీపం ఆరితే పైకి వచ్చెయ్యాలి — ఇంత చిన్న సంగతి. కొవ్వొత్తి చెబితే వినకుండా, ఎప్పటికీ ఆరని టార్చీ పట్టుకుని దిగాడు. అలా దిగే తెలివితక్కువవాడు లోకంలో ఎలక్ట్రీషియన్ ఒక్కడే అయ్యుంటాడు. నవ్వు ఆగాక, నాన్న కొవ్వొత్తిని మోకాలి దగ్గర ఎందుకు పట్టుకునేవాడో తెలిసింది. బరువైన గాలి ముందు అక్కడికే వస్తుంది.

"ఫ్యాన్ పెట్టె చూపించండి" అన్నాడు లేచి. "నేను ఎలక్ట్రీషియన్ని."

మెయిన్ ఆపి, మేస్త్రీ లాంతరు పట్టుకుంటే పెట్టె విప్పాడు. వైరు కొస మాడి ఊడిపోయింది. కోసి, గీకి, మళ్ళీ బిగిస్తున్నాడు.

"ఇంతకీ దేని కోసం దిగారు?"

"ఒక పీపా. మూత మీద పిట్ట ఉంటుందని..."

"కుంటిపిట్ట పీపానా?" అన్నాడు మేస్త్రీ, ఇంటి పక్క మనిషి పేరు చెప్పినట్టు. "దాని కోసమా! ఎవరో పరాయి ఊరి వడ్రంగి కట్టాడట. ఒకసారి కడిగేటప్పుడు పందెం వేసుకుని ఎంతమంది పడతామో చూశాం. పద్దెనిమిది మంది పట్టాం."

పదిహేను అన్నాడు నాన్న. తగ్గించే చెప్పాడు.

ఎలక్ట్రీషియన్ స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాడు. కాసేపు ఏమీ కనబడలేదు. మేస్త్రీ లాంతరు కాస్త పక్కకి తిప్పి పట్టుకున్నాడు.

చివరికి పెట్టె మూసి, మెయిన్ వేసి, ఫ్యాన్ స్విచ్ మీద వేలు పెట్టాడు. పెట్టి, ఆగాడు. స్విచ్ వేసేముందు అవతల ఎవరైనా ఉన్నారేమో చూసుకోవడం వాళ్ళ పనిలో మొదటి పాఠం.

"మీ మనిషిని పైకి రమ్మనండి. అప్పుడు వేస్తాను."

"ఏ మనిషి?"

"కింద ఉన్నాడుగా. కొవ్వొత్తి పట్టుకుని."

మేస్త్రీ అతని వైపు చూశాడు. గూటి పక్కన కొక్కేనికున్న పాత గొలుసు తీశాడు. దాని చివర ఇనప గిన్నెలో కొవ్వొత్తి వెలిగించి, మెట్ల మీదుగా మెల్లగా కిందికి వదిలాడు. నాలుగు... అయిదు... ఆరు...

ఏడో మెట్టు దగ్గర ఆరిపోయింది.

"ఇక్కణ్ణించి అడుగుదాకా మంట అన్నది ఉండదు బాబూ" అన్నాడు గుసగుసగా. "కొవ్వొత్తి పట్టుకుని దిగేవాళ్ళు పోయి నలభై ఏళ్ళయింది. మీరు చూసింది..."

ఆయన కిందికే చూస్తున్నాడు.

కింద, ఇరవై రెండో మెట్టు దగ్గర, ఒక చిన్న పచ్చటి వెలుగు. నేలకి కాస్త పైన. మోకాలంత ఎత్తున. కదలకుండా నిలబడి ఉంది... ఎదురుచూస్తున్నట్టు.

మేస్త్రీ చేతిలో గొలుసు గలగలమంది. "దేనికోసం..." అన్నాడు.

దేనికోసమో ఎలక్ట్రీషియన్‌కి తెలుసు. అతను మొదటి మెట్టు మీద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకున్నాడు. ఎన్నేళ్ళో అయింది ఆ మాట అని. ముందు గాలే వచ్చింది. తర్వాత చిన్నపిల్లాడిలా, పెద్దగా —

"వచ్చేశా నాన్నా!"

కేక కిందికి దిగి, పీపాల మధ్య తిరిగి, ఆగిపోయింది.

వెలుగు ఒక్కసారి పైకి లేచింది. ఆరిపోయింది.

అతను లేచి స్విచ్ వేశాడు.